స్టాఫ్‌రూమ్‌ను ప్లాన్‌లోంచి కొట్టేసే ముందు

పాఠశాలల యాజమాన్యాలకు, విద్యాశాఖ అధికారులకు, బడి భవనాల ప్లాన్లు గీసే ఇంజినీర్లకు,

నమస్కారం.

నేను లెక్కల టీచర్ని. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. పోయిన నెల మా బడి కొత్త బ్లాకు ప్లాన్ టీచర్లందరికీ చూపించారు. చూపించారంటే, తెచ్చి గోడకు అంటించారు. ప్లాను బాగుంది. కంప్యూటర్ ల్యాబ్ ఉంది, సైన్స్ ల్యాబులు రెండున్నాయి, తల్లిదండ్రులు కూర్చోవడానికి ఏసీ గది ఉంది, సర్వర్ రూమ్ అని ఓ మూల చిన్న గడి కూడా ఉంది. మూడంతస్తులూ వేలు పెట్టి వెతికాను. స్టాఫ్‌రూమ్ మాత్రం కనబడలేదు. అడిగితే జవాబు మర్యాదగానే వచ్చింది. "ఇన్ని క్లాస్‌రూములున్నాయి కదా మేడమ్, ఏది ఖాళీగా ఉంటే అందులో కూర్చోండి. ఎలాగూ మీకందరికీ వాట్సాప్ గ్రూపుంది."

ఆ మాట అన్నాయన మీద నాకు కోపం లేదు. ఆయన ఎన్నడూ స్టాఫ్‌రూమ్‌లో కూర్చున్న మనిషి కాదు. బయటినుంచి చూసేవాళ్లకు అది లీజర్ పీరియడ్లో టీచర్లు నడుం వాల్చే చోటు, పుకార్లు పుట్టే చోటు. పిల్లలకైతే తలుపు సందులోంచి తొంగిచూసి పరిగెత్తే చోటు. నాకు గుచ్చుకున్నదల్లా ఒక్కటే. యంత్రాలకు ఒక గది కావాలని వాళ్లకు తోచింది. మాకు కావాలని తోచలేదు.

ఒక్క మా బడి సంగతే అయితే మా హెడ్‌మిస్ట్రెస్ గారి దగ్గర కూర్చుని తేల్చుకునేదాన్ని. కానీ వేరే బడుల్లో పనిచేసే స్నేహితులను కదిపితే ఇదే కథ. ఒకచోట స్టాఫ్‌రూమ్‌ను స్టోర్ చేశారు, ఒకచోట దాన్ని రెండు ముక్కలు చేసి సగంలో అడ్మిషన్ల కౌంటర్ పెట్టారు, ఒకచోట కుర్చీలు తీసేశారు. కూర్చుంటే లేవరని. అందుకే ఈ ఉత్తరం అందరూ చదివేలా రాస్తున్నాను.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది సంగతి చెబుతాను. ఆరో తరగతి యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దుతున్నాను. 1/2 + 1/3 ఎంత అన్న ప్రశ్నకు సగం మందికి పైగా 2/5 అని రాశారు. పైవి పైవి కూడారు, కిందవి కిందవి కూడారు. మూడు రోజులు గొంతు చించుకుని చెప్పిన పాఠం అది. కట్ట టేబుల్ మీద పడేసి, "వీళ్లకు చెప్పి ఏం లాభం" అన్నాను, ఎవరితోనని కాదు. పక్క కుర్చీలో తన పేపర్లు దిద్దుకుంటున్న సీనియర్ లెక్కల మాస్టారు చెయ్యి చాచి ఒక పేపరు తీసుకున్నారు. చూసి నవ్వారు.

"ఇది మనం నేర్పిందే కదమ్మా" అన్నారు. "మొదటి టెస్టులో పదికి ఎనిమిది, రెండో టెస్టులో ఇరవైకి పదిహేను వస్తే ప్రోగ్రెస్ కార్డులో ఏమేస్తాం? ముప్ఫైకి ఇరవై మూడు. పైవి పైవి, కిందవి కిందవి. అలా కూడి వాళ్ల చేతికిచ్చి అమ్మానాన్నలతో సంతకం పెట్టించుకు రమ్మంటాం. తీరా పాఠంలో అలా కూడకూడదంటే ఎవరు నమ్ముతారు?"

నేను నోరెళ్లబెట్టాను. ఎదుట బొమ్మల కాగితాలు సర్దుకుంటున్న డ్రాయింగ్ టీచర్ అడిగింది: "మరి తేడా ఎక్కడుంది సార్?" నేను అడగాల్సిన ప్రశ్న అది, పరువుకు పోయి అడగలేదు. ఆయన ఒక చిత్తు కాగితం తీసుకుని మడిచి చూపించారు. మార్కుల్లో రెండు వేర్వేరు పరీక్షలు కలిసి కొత్త మొత్తం తయారవుతుంది. భిన్నాల్లో మొత్తం మారదు, అదే కాగితంలో సగం, అదే కాగితంలో మూడోవంతు. "ఇంకోటి అడుగు వాళ్లను. సగానికి ఇంకొంచెం కలిపితే సగంకంటే తగ్గుతుందా? 2/5 సగంకంటే చిన్నది కదా." అంతలో బెల్లయింది. మొత్తం కలిపి ఏడెనిమిది నిమిషాలు. మర్నాడు నేను ప్రోగ్రెస్ కార్డు చేత్తో పట్టుకుని క్లాసులోకి వెళ్లాను. ఇప్పటికీ ప్రతి ఏడాదీ అలాగే మొదలుపెడతాను.

ఆ ఏడెనిమిది నిమిషాల్లో నాకందింది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. నేను చదివిన ట్రైనింగ్ కాలేజీలోనూ ఎవరూ చెప్పలేదు. నాకు లెక్కలు తెలుసు, క్లాసును అదుపులో పెట్టడమూ కొంత తెలుసు. ఈ పాఠంలో పిల్లలు సరిగ్గా ఎక్కడ జారతారు, ఎందుకు జారతారు అన్నది మూడో రకం తెలివి. లీ షుల్మన్ అనే అమెరికన్ విద్యావేత్త 1986లో దీన్ని వేరే జ్ఞానంగా గుర్తించి పేరు పెట్టాడు. సబ్జెక్టు తెలిసినవాడికీ, ఆ సబ్జెక్టును చెప్పడం తెలిసినవాడికీ మధ్య తేడా అదేనన్నాడు. ఈ తెలివి పుస్తకాల్లో కొంత ఉంటుంది. ఎక్కువ భాగం మాత్రం ఎర్ర పెన్ను పట్టుకుని తల కొట్టుకునే మనుషుల మధ్య నోటిమాటగా తిరుగుతుంది. ఆ మనుషులు ఒకచోట కూర్చోకపోతే తిరగదు. ఆ రోజు నేను ఖాళీ క్లాస్‌రూములో ఒక్కదాన్నే దిద్దుకుంటూ ఉంటే సున్నాలు వేసి కట్ట కట్టేసేదాన్ని, అంతే.

(లెక్కల టీచరుకు ఈ షుల్మన్లు ఎలా తెలుసని మీకు అనుమానం రావచ్చు. మా లైబ్రేరియన్‌కో అలవాటుంది. ఏదైనా చదివితే జిరాక్స్ తీయించి స్టాఫ్‌రూమ్ టేబుల్ మీద వదిలేస్తుంది. ఎవరి చేతికి అందితే వాళ్లు చదువుతారు. కొన్నిసార్లు అవి గొడుగుల కింద పరుచుకోవడానికీ పనికొస్తాయి. ఈ ఉత్తరంలో రాబోయే పేర్లన్నీ ఆ టేబుల్ మీదివే.)

మీలో చాలామందికి తెలియని విషయం, మా ఉద్యోగం ఎంత ఒంటరిదో. పొద్దుటినుంచి సాయంత్రం దాకా నలభై మంది మధ్య ఉంటాం, ఒంటరితనం ఎక్కడిది అంటారు. కానీ డాక్టరుకు చదువుకునే రోజుల్లోనే సీనియర్ల వెంట వార్డుల్లో తిరిగే అవకాశం ఉంటుంది. జూనియర్ లాయరు కోర్టు హాల్లో వెనక బెంచీలో కూర్చుని పెద్ద లాయర్లు వాదించేది చూస్తాడు. మేస్త్రీ పక్కన మరో మేస్త్రీ గోడ కడుతూ ఉంటాడు. టీచరు మాత్రం చేరిన మొదటి రోజే తలుపు వేసుకుని పాఠం మొదలుపెడతాడు. రిటైరయ్యే రోజు దాకా ఆ తలుపు అలాగే ఉంటుంది. పక్క గదిలో ఏం జరుగుతోందో గోడ అవతలి అరుపులను బట్టి ఊహించుకోవడమే. డాన్ లోర్టీ అనే సామాజిక శాస్త్రవేత్త 1975లో టీచర్ల మీద రాసిన పుస్తకంలో బడిని కోడిగుడ్ల అట్టతో పోల్చాడు. ఒక గుడ్డుకు ఇంకో గుడ్డు తగలదు. పగలకుండా ఉండడానికి ఆ ఏర్పాటు మంచిదే, కానీ మేం గుడ్లం కాము కదా.

జుడిత్ వారెన్ లిటిల్ అనే పరిశోధకురాలు అమెరికాలో 6 పట్టణ పాఠశాలల్లో టీచర్లు ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకుంటారో గమనించి 1982లో ప్రచురించింది. బాగా నడుస్తున్న బడుల్లో టీచర్లు పాఠం ఎలా చెప్పాలన్న దాని గురించి తరచుగా, వివరంగా మాట్లాడుకుంటున్నారు. కలిసి పాఠాలు తయారు చేసుకుంటున్నారు. ఒకరి క్లాసుకు ఒకరు వెళ్తున్నారు. ఈ మాటలు ట్రైనింగ్ హాల్లోనే కాదు, వరండాల్లో, స్టాఫ్‌రూముల్లో నడుస్తున్నాయి. స్టాఫ్‌రూమ్ కడితే చాలు బడి బాగుపడుతుందని దీనర్థం కాదు. అలాంటి మాట పుట్టడానికి నేల కావాలి, అంతవరకే నా వాదన.

ఇక వాట్సాప్ గ్రూపు. అవునండీ, ఉంది. మూడున్నాయి. వాటిలో ఏముంటుందో చెప్పనా? సర్క్యులర్లు, "నోటెడ్ మేడమ్"లు, పుట్టినరోజు శుభాకాంక్షలు, రేపు సాయంత్రంలోగా నింపాల్సిన ఫారాలు. "తొమ్మిదో తరగతిలో ఫలానా పాఠం నాకే అర్థం కాలేదు, ఎవరైనా చెప్పండి" అని ఇన్నేళ్లలో ఒక్కరు ఆ గ్రూపులో అడగలేదు. ఎలా అడుగుతారు? అందులో హెడ్‌మిస్ట్రెస్ ఉన్నారు, కరెస్పాండెంట్ ఉన్నారు. రాసింది రాసినట్టు నిలిచిపోతుంది. రేపు ఇంక్రిమెంటు మాట్లాడేరోజు ఎవరి ఫోన్లోంచి ఏ స్క్రీన్‌షాట్ లేస్తుందో తెలియదు. అదే మాట స్టాఫ్‌రూమ్‌లో రోజుకు ఒకసారైనా వినబడుతుంది. మా సైన్స్ టీచర్ పదిహేనేళ్ల సర్వీసు మనిషి. పోయినేడు విద్యుత్తు పాఠం ముందు వచ్చి నా పక్కన కూలబడి, "ఈ లెక్కలో సూత్రం నాకు ఎప్పుడూ తికమకే, ఒక్కసారి చెప్పు" అంది. చెప్పాను. మరుసటి పీరియడ్ ఆమె క్లాసులో పిల్లలకు సరైన పాఠం అందింది. ఇది ఏ రికార్డులోనూ ఉండదు. ఉండకూడదు కూడా.

ఫొటోకాపీ మెషిన్లు బాగుచేసే టెక్నీషియన్ల గురించి జూలియన్ ఓర్ అనే మానవ శాస్త్రవేత్త 1996లో ఒక పుస్తకం రాశాడు. కంపెనీ వాళ్లకు లావుపాటి మాన్యువల్ ఇచ్చింది. మొరాయించిన మెషిన్ చాలాసార్లు ఆ మాన్యువల్‌కు లొంగదు. కుర్రాళ్లు కలిసి తినేటప్పుడు "నిన్న ఒక మెషిన్ ఇలా చేసిందిరా" అని చెప్పుకునే కథల్లోనే అసలు విద్య ఉందని ఓర్ గమనించాడు. పైవాళ్లకు అది కాలక్షేపంలా కనబడొచ్చు. మెషిన్లకే అంత కథ ఉంటే, పదమూడేళ్ల పిల్లల సంగతి మీరే ఊహించుకోండి.

2020లో బడులు మూతపడి ఇళ్లలోంచి పాఠాలు చెప్పినప్పుడు ఇది నాకు మరీ బాగా తెలిసింది. ఆ ఏడాది మా బడిలో ఇద్దరు కొత్త టీచర్లు చేరారు. యాప్‌లన్నీ మాకంటే వాళ్లకే బాగా వచ్చు. కానీ బడి తెరిచాక ఆ ఇద్దరూ ఒకటే మాట అన్నారు: "ఎవరిని అడగాలో తెలియలేదు మేడమ్." అడగాల్సిందేమిటో కాదు, ఎవరినో. ఫోన్ చేసి అడిగేంత పెద్ద సందేహం కాదు, అడగకుండా వదిలేసేంత చిన్నదీ కాదు. అలాంటివి పక్క కుర్చీ ఉంటేనే నోట్లోంచి వస్తాయి.

చదువు సంగతి కాసేపు పక్కన పెడతాను. ఒంటి సంగతి చూడండి. రోజుకు ఆరు పీరియడ్లు గొంతెత్తి మాట్లాడేవాళ్లకు ఆ గొంతే పనిముట్టు. అమెరికాలోని అయోవా, యూటా రాష్ట్రాల్లో 1,200కు పైగా టీచర్లను, ఇంచుమించు అంతేమంది ఇతర పనులవాళ్లను పోల్చి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, టీచర్లలో 100కి 11 మందికి ఆ సమయంలో గొంతు సమస్య ఉంది. మిగతావాళ్లలో 6 మందికే. మాట్లాడకుండా కూర్చోవడానికి పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య ఒక చోటు కావాలి. ఖాళీ క్లాస్‌రూములో ఆ వీలు దొరకదు. టీచర్ కనబడితే పిల్లలు లోపలికొస్తారు, రావాలి కూడా. కాన్పు తర్వాత తిరిగి పనిలో చేరిన టీచర్ పాలు పిండుకోవడానికి స్టోర్‌రూమ్ తలుపుకు వీపు ఆనించి నిలబడడం నేను చూశాను. ఇంతకంటే ఆ విషయం మీద రాయను.

మనసు సంగతీ ఉంది. మూడో పీరియడ్లో ఒక పిల్ల వచ్చి ఇంట్లో జరిగేదేదో చెప్పి ఏడుస్తుంది. నాలుగో పీరియడ్లో వేరే సెక్షన్‌లో నవ్వు ముఖంతో త్రిభుజాలు మొదలుపెట్టాలి. ఆ రెంటికీ మధ్య ఉన్న ఐదు నిమిషాలు ఎక్కడ గడపాలి? నాటకాలాడేవాళ్లకు తెర వెనక చోటుంటుంది. అక్కడ రాజు కిరీటం తీసి గోక్కోవచ్చు. మాకు స్టాఫ్‌రూమ్ అదే. పీటర్ వుడ్స్ అనే పరిశోధకుడు 1970లలో ఇంగ్లండ్‌లో ఒక సెకండరీ స్కూల్లో టీచర్లతో చాలాకాలం గడిపి, 1979లో తన పుస్తకంలో ఒక అధ్యాయం మొత్తం స్టాఫ్‌రూమ్ నవ్వుల మీదే రాశాడు. క్లాసులో, ఆఫీసులో పడ్డ దెబ్బలను టీచర్లు అక్కడ నవ్వుతో మాన్పుకుంటారని ఆయన చెప్పింది చదివినప్పుడు, మా గదిలో కూర్చుని రాశాడేమో అనిపించింది. మా తెలుగు మాస్టారు ఇన్‌స్పెక్షన్ కాగానే ఆఫీసర్ నడకను అనుకరించి చూపిస్తారు. అది చూసి నవ్విన నవ్వుతో మేం రెండు నెలలు బతికాం. ఏ అధికారి ఈ ఉత్తరం చదువుతున్నారో తెలియదు కాబట్టి వివరాలు దాచుకుంటున్నాను.

ఇప్పుడు మీ వైపు వాదన. స్టాఫ్‌రూమ్ పాపాలు నాకు తెలియవని అనుకోకండి. మీకంటే నాకే ఎక్కువ తెలుసు.

ముఠాలుంటాయి. కిటికీ పక్క కుర్చీ ఎవరిదో రాసుండదు, కానీ అందరికీ తెలుసు. నేను మొదటి రోజు తెలియక అందులో కూర్చుని మూడు నెలలు మాట పడ్డాను. కులాసా కబుర్లు కొన్ని చాడీలుగా మారతాయి. అవన్నీ ఏ ఆఫీసులో అయినా ఉన్నవే. అంతకంటే పెద్ద పాపం ఒకటుంది, అది పిల్లల మీద పడే ముద్ర. "ఏడు బీ సెక్షన్ ఇచ్చారా? నీ పని అయిపోయింది." "వాడి అన్న కూడా అంతే." బడి తెరిచిన మొదటి వారంలో ఈ మాటలు ఎంత మామూలుగా దొర్లుతాయో. రోజెంతాల్, జేకబ్సన్ అనే ఇద్దరు అమెరికాలో ఒక ఎలిమెంటరీ స్కూల్లో చేసిన ప్రయోగాన్ని 1968లో పుస్తకంగా తెచ్చారు. పిల్లల్లో ఐదోవంతు మందిని చీట్లు తీసినట్టు ఊరికే ఎంచి, "ఈ ఏడాది వీళ్లు బాగా ఎదుగుతారు" అని టీచర్లకు చెప్పారు. ఏడాది చివర చూస్తే, ముఖ్యంగా చిన్న తరగతుల్లో, ఆ పేర్లున్నవాళ్ల తెలివి పరీక్షల మార్కులు మిగతావాళ్లకంటే ఎక్కువ పెరిగాయి. ఆ ప్రభావం నిజంగా ఎంతన్న దాని మీద తర్వాత చాలా తగువు నడిచింది. తగువు సంగతి అలా ఉంచితే, మంచి మాటే టీచరు చూపును మారిస్తే చెడ్డమాట ఊరుకుంటుందా?

నాకు జరిగింది. ఒక కుర్రాడి గురించి వాణ్ణి చూడకముందే విన్నాను. బద్ధకస్తుడు, ఎదురు మాట్లాడతాడు, లెక్కల్లో సున్నా. అలాగే చూశాను. ఆఖరి బెంచీలో కూర్చోబెట్టి నాలుగు నెలలు వాడి జోలికే పోలేదు. ఒకరోజు స్టాఫ్‌రూమ్‌లో వాడి ప్రస్తావన వచ్చి నేను నిట్టూరిస్తే, మా పీఈటీ సార్ ఆశ్చర్యపోయారు. "వాడా? టోర్నమెంట్లలో స్కోరు షీటు నాకు వాడే రాస్తాడు మేడమ్. ఎవరికి ఎన్ని పాయింట్లు, ఇంకా ఎన్ని గెలిస్తే పైకి వస్తారు, అన్నీ నోటితో చెప్తాడు. నేను కాగితం మీద వేసేలోపు చెప్తాడు." నాకు తల కొట్టేసినట్టయింది. వాడికి రానివి లెక్కలు కావు, నా నోట్సు పద్ధతి.

ఈ కథ ఎందుకు చెబుతున్నానో గమనించండి. ముద్ర పడింది ఆ గదిలోనే. ముద్ర చెరిగిందీ ఆ గదిలోనే. గది తీసేస్తే ముద్ర ఆగదు, వరండాలో రెండు మాటల్లో చేతులు మారుతుంది. ఆగిపోయేది దాన్ని కాదనే మూడో మనిషి రావడం. పిల్లవాణ్ణి లెక్కల టీచర్‌గా నేను ఒక వైపే చూస్తాను. ఆటల మాస్టారు ఇంకో వైపు చూస్తారు, డ్రాయింగ్ టీచర్ ఇంకో వైపు, లైబ్రేరియన్ ఇంకో వైపు. ఈ వైపులన్నీ ఒక టేబుల్ దగ్గరికి చేరితేనే పిల్లవాడు పూర్తిగా కనబడతాడు. కొన్ని బడుల్లో స్టాఫ్‌రూమ్ బదులు సబ్జెక్టుకొక చిన్న గది ఇస్తున్నారు. లెక్కలవాళ్లం లెక్కలవాళ్లతో కూర్చుంటే భిన్నాల గొడవ తేలుతుంది, నిజమే. కానీ ఆ గదిలోకి పీఈటీ సార్ ఎందుకొస్తారు? అసలు చాలాచోట్ల ఆయనకు కుర్చీయే ఉండదు, ఆటసామాన్ల గది గుమ్మంలో నిలబడి ఉంటారు.

రెండు చేతులా దండం పెట్టి చెబుతున్నాను, దీనికి మందుగా సీసీ కెమెరా మాత్రం పెట్టకండి. ఒక బడిలో పెట్టారు. చాడీలు ఆగలేదు, మెట్ల కిందికి మారాయి. "నాకు ఈ పాఠం రాదు" అనే మాటలు మాత్రం ఆగిపోయాయి. ఇంకో మందు ఉంది, అది కూడా చేదే. నెలకోసారి తప్పనిసరి సహకార సమావేశం పెట్టడం, మినిట్స్ రాయడం, ఫొటో తీసి గ్రూపులో పెట్టడం. పై నుంచి టైమ్‌టేబుల్ వేసి చేయించే ఇలాంటి కలివిడిని ఆండీ హార్‌గ్రీవ్స్ అనే విద్యా పరిశోధకుడు 1994లో రాసిన పుస్తకంలో కృత్రిమమైన కలివిడి అన్నాడు. ఫొటోలో అందరం నవ్వుతూనే ఉంటాం. ఫొటో అయ్యాక ఎవరి కట్ట వాళ్లు తీసుకుని వెళ్లిపోతాం.

జపాన్ బడుల్లో ఏర్పాటు వేరుగా ఉంటుంది. అక్కడ టీచర్ల గదిని షొకుయిన్‌షిత్సు అంటారు. అది బడికి గుండెకాయ లాంటి గది. ప్రతి టీచరుకూ అందులో సొంత బల్ల ఉంటుంది. ఒకే తరగతికి చెప్పేవాళ్ల బల్లలు ఎదురెదురుగా, పక్కపక్కన కలిపి వేస్తారు. పొద్దున్నే అందరూ అక్కడ చేరి ఆనాటి సంగతులు అనుకుని క్లాసులకు వెళ్తారు. పిల్లలు పనిమీద వస్తే గుమ్మం దగ్గరే అనుమతి అడిగి వస్తారు. ఒకరు పాఠం చెబుతుంటే మిగతావాళ్లు కూర్చుని చూసి, తర్వాత ఆ పాఠాన్ని విప్పి చర్చించే పద్ధతి అక్కడ ప్రాథమిక బడుల్లో ఎన్నో దశాబ్దాలుగా ఉంది. ఆ పద్ధతిని చాలా దేశాలు అరువు తెచ్చుకున్నాయి. బల్లలు ఎదురెదురుగా వేయడం మాత్రం అరువు తెచ్చుకోవడం మరిచిపోయాయి. జపాన్ టీచర్లకు పని గంటలు విపరీతమన్నది కూడా నిజమే కాబట్టి, అక్కడంతా స్వర్గమని నేననను.

ఇంజినీర్లకు ఒక మాట. గది ఇస్తే సరిపోదు, ఎక్కడ ఇస్తారన్నది సగం సంగతి. థామస్ అలెన్ అనే ఆయన ఇంజినీర్ల మీదే పరిశోధన చేసి 1977లో రాశాడు. ఇద్దరి బల్లల మధ్య దూరం పెరిగేకొద్దీ వాళ్లు మాట్లాడుకోవడం చాలా వేగంగా పడిపోతుంది. కొన్ని పదుల మీటర్లు దాటాక ఇక ఎంత దూరమైనా ఒకటే. మా పాత బడిలో స్టాఫ్‌రూమ్ మూడో అంతస్తు చివర ఉండేది. ఐదు నిమిషాల బ్రేక్‌లో పైకెక్కి దిగేసరికి బెల్లయ్యేది, అందుకని ఎవరూ వెళ్లేవారు కాదు. ఎవరూ వెళ్లడం లేదు కాబట్టి అక్కర్లేదని దాన్ని పాత జవాబు పత్రాలకు, విరిగిన ప్రొజెక్టర్లకు ఇచ్చేశారు. మెట్ల పక్కన, అందరూ నడిచే దారిలో ఇవ్వండి. మధ్యలో ఒక పెద్ద బల్ల, నలుగురూ పేపర్లు పరుచుకునేంతది. ఒక్కొక్కరికి తాళం వేసుకునే చిన్న అర. దిద్దుకునేవాళ్లకు ఓ మూల నిశ్శబ్దం. బాత్రూమ్ దగ్గరలో. సోఫాలు అక్కర్లేదు.

గదితోపాటు కొంచెం సమయం కూడా కావాలి. ఎంత మంచి గదయినా అందులోకి ఇద్దరు ఒకేసారి రాకపోతే అది గోదామే. ఎవరైనా సెలవు పెడితే సబ్‌స్టిట్యూషన్ పేరుతో మా లీజర్ పీరియడ్ మీదే మొదట చెయ్యి పడుతుంది. రాత్రి పదింటికి వచ్చే సబ్‌స్టిట్యూషన్ చార్ట్ చూసి నిద్రపోయే అలవాటు మాకందరికీ ఉంది. ఒకే తరగతికి చెప్పే టీచర్లకు వారంలో ఒక్క లీజర్ అయినా కలిసి వచ్చేలా టైమ్‌టేబుల్ వేయడం కష్టమని నాకు తెలుసు. మా బడి టైమ్‌టేబుల్ నేనే వేస్తాను. కష్టమే, అసాధ్యం కాదు. వేసి చూపిస్తాను, కావాలంటే మీ బడిదీ వేసిపెడతాను.

చివరిగా ఒక కాగితం. అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునెస్కో కలిసి ఉపాధ్యాయుల స్థాయి గురించి చేసిన సిఫార్సు 1966 అక్టోబర్ 5న పారిస్‌లో ఆమోదం పొందింది. ఏటా అక్టోబర్ 5న ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం జరిపేది దాన్ని గుర్తుచేసుకునే. అందులో బడి భవనాల గురించి కొన్ని పేరాలున్నాయి. కొత్త బడులు ప్లాన్ చేసేటప్పుడు టీచర్ల ప్రతినిధుల అభిప్రాయం తీసుకోవాలని, ఉన్న బడికి కొత్త గదులు కట్టేటప్పుడు ఆ బడి సిబ్బందిని సంప్రదించాలని అందులో ఉంది. అది చట్టం కాదు, సిఫార్సే. అయినా, గోడకు అంటించడం సంప్రదించడం కిందికి రాదని మాత్రం మనందరికీ తెలుసు.

మా ప్లాన్‌లో కింది అంతస్తులో మెట్ల పక్కన "స్టోర్" అని రాసిన గది ఒకటుంది. కొలతలు చూశాను, ఇరవై అడుగులకు ముప్ఫై. ఇంకా పునాది పడలేదు కాబట్టి ఒక పదం మారిస్తే సరిపోతుంది. దీనిమీద టీచర్లందరి మాటగా ఒక్క కాగితం రాసుకొచ్చి ఇవ్వమన్నారు. రాయడానికి ముప్ఫై నాలుగు మందిమి ఒకసారి కూర్చోవాలి. సోమవారం నాలుగో పీరియడ్లో కూర్చోవచ్చేమో చూశాం. ఇప్పుడున్న స్టాఫ్‌రూమ్‌లో అందరం పట్టం, ఖాళీ క్లాస్‌రూమ్ ఒక్కటీ లేదు. ప్రస్తుతానికి మెట్ల మీద కలుసుకుంటున్నాం, వరసకు ముగ్గురం చొప్పున.

ఇట్లు,
మీ బడిలోనో పక్క బడిలోనో పనిచేసే
ఒక లెక్కల టీచర్